మూడూ కలిపిన ప్యాక్

“బాబాయిగారూ, ఈసారి మీకో మంచి కబురు,” అంది ఫోన్లో సపోర్టు అమ్మాయి.

పెద్దాయన గుండెల్లో రాయి పడింది. కంపెనీవాళ్ళు మోసుకొచ్చే మంచి కబుర్లంటే ఆయనకు మొదట్నుంచీ హడలే.

ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేరు అది. విండోస్ కంప్యూటర్లకి ఒక ధర, మ్యాక్ వాటికి ఒక ధర, లినక్స్ వాటికి ఇంకో ధర. మూడూ కలిపి కొంటే పెద్ద ప్యాక్. ఫోన్ సపోర్టు ఆ పెద్ద ప్యాక్‌కి మాత్రమే. పెద్దాయన దగ్గరున్నది ఒకే ఒక్క పాత విండోస్ కంప్యూటరు. అయినా ఏటా పెద్ద ప్యాకే కొంటాడు.

ఏం చేస్తాడు మరి? ఆ ఇంట్లో రెండో గొంతు లేదు. పొద్దున లేస్తే పలకరించే దిక్కు లేదు. ఏదో ఒక డౌటు పట్టుకుని ఫోన్ చేస్తే ఈ అమ్మాయి ఓపిగ్గా విడమరిచి చెబుతుంది. మధ్యలో “భోంచేశారా?” అని అడుగుతుంది. ఆ ఒక్క మాటతో ఆయన రోజు గడిచిపోతుంది.

“మా మేనేజరు బుర్ర తిని మరీ సాధించాను. విండోస్ ఒక్కటే మీకు సగం ధరకి ఇస్తారట. వాడని వాటికి డబ్బు తగలేయడం దేనికి చెప్పండి?”

“మరి ఫోను?”

“ఫోనుండదు. దాని బదులు చాట్ ఉంటుంది. మెషీనే చిటికెలో జవాబు చెప్పేస్తుంది. నాకంటే వెయ్యి రెట్లు నయం.”

“నా డౌట్లు దానికేం అర్థమవుతాయమ్మా? అసలే నాది మట్టి బుర్ర.”

“మీరు మరీనూ,” అని నవ్వింది అమ్మాయి. “ఇప్పుడే మీకు ఆ చాట్ తెరిచాను. ఒక్కటి అడిగి చూడండి. నేను లైన్లోనే ఉంటా.”

కాదంటే బాగుండదు. నిన్న ఆమెను అడిగిన డౌటే టైపు చేశాడు. వేలు తీసేలోపే జవాబు వచ్చిపడింది. చదివాడు. మళ్ళీ చదివాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనిపించనంత ఒంటరిగా అనిపించింది.

“ఏమైంది బాబాయిగారూ, తప్పు చెప్పిందా?”

“లేదమ్మా. అక్షరం పొల్లుపోలేదు.”

“మరింకేం? చిన్న ప్యాక్‌కి మార్చేయనా?”

“వద్దు తల్లీ, పెద్దదే ఉండనీ. నువ్వు చెబితేనే నాకు బుర్రకెక్కుతుంది.”

“మీ మొండితనం మీదే కదా,” అని నిట్టూర్చి, అమ్మాయి అదే జవాబును తన మాటల్లో మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన బుద్ధిగా ఊఁ కొడుతూ కూర్చున్నాడు.

తెర మీదున్న జవాబు, ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరడానికి చాలా ముందు, ఆ కంపెనీలోనే పనిచేస్తూ ఆ సాఫ్ట్‌వేరును తయారుచేసిన రోజుల్లో, దాని గైడులో ఆయన స్వయంగా రాసిపెట్టిందే.