అన్నిటికంటే పైన

లోపలికి వచ్చీ రాగానే తలుపు గడియ పెట్టి, ఆ మనిషి గొడ్డలి ఎత్తాడు. దెబ్బ కంప్యూటర్ తెర మీద పడింది. గాజు పెంకులు రిజ్వాన్ ఒళ్లో రాలాయి.

"వెబ్‌సైట్లు ఫోన్‌ల మొదాలు కనవడేటట్టు చేసేది నువ్వేనా?"

పాల్వంచ బస్టాండుకు ఎదురుగా, మేడ మీది చిన్న ఆఫీసు అది. ఎవరేం వెతికినా తన కస్టమర్ల వెబ్‌సైట్లే ముందు వచ్చేలా చేయడం రిజ్వాన్ పని. ఫొటోలూ బొమ్మలూ అతని భార్య మలికా చూసుకుంటుంది. ఈ మనిషిని ఇద్దరూ ఎన్నడూ చూడలేదు.

"ఎవరు కాకా నువ్వు? నేనేం చేసిన?"

"నా పేరు సమ్మయ్య. పాముకాటుకు పసరు పోసే వైద్యుడున్నడే, వాని పేజీ నువ్వే చేసినవ్. కింద నీ షాపు పేరు రాసుకున్నవ్ గద."

రిజ్వాన్ బల్ల పట్టుకుని లేవబోయాడు. "అది... కస్టమర్ చెప్పింది రాసిన. అంతే."

సమ్మయ్య గొడ్డలి తిరగేసి కొట్టాడు. దెబ్బ బల్ల మీదున్న రిజ్వాన్ ఎడమ చేతి మీద పడింది. ముందు ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అరుపు తర్వాత వచ్చింది.

మలికా ఇనుప స్టూలు ఎత్తి సమ్మయ్య నెత్తి మీద మోదింది. చెవి పక్క నుంచి నెత్తురు కారింది. అతను తూలాడు గానీ పడలేదు. ఆమె వైపు చెయ్యి కూడా ఎత్తలేదు.

"నిన్నేమీ అనను బిడ్డా. పక్కకుండు." మళ్లీ రిజ్వాన్ వైపు తిరిగాడు. "పత్తిల కలుపు తీస్తాంటే మా పుల్లమ్మకు పురుగు ముట్టింది. నా పెండ్లాం. పురుగు ముట్టింది, ఏం చెయ్యాలె అని నా బిడ్డ ప్రమీల ఫోన్‌నే అడిగింది. అన్నిటికంటే పైన వాడే వచ్చిండు. ఎట్ల వచ్చిండు? చెప్పు!"

గొడ్డలి అంచు మెడకు తగిలింది. రిజ్వాన్ కళ్లు మూసుకున్నాడు.

"మన దిక్కు పాము కరిచిందనరు గద కాకా, పురుగు ముట్టిందంటరు. జనం ఏ మాటతోని అడుగుతరో ఆ మాటే రాసిన. కల్లూరుకొక పేజీ, తల్లాడకొక పేజీ... ఊరూరికీ పెట్టిన. అందుకే పైకొచ్చింది."

నెల కింద ఇదే సంగతి దోస్తులకు గొప్పగా చెప్పుకున్నాడు.

"దవాఖానాకు పోవద్దన్నడు వాడు," అన్నాడు సమ్మయ్య. "నా తానకే తీస్కరా అన్నడు. వాని అరుగు మీదనే పానం పోయింది పుల్లమ్మకు. వాడేమో ఇల్లు తాళమేసి ఉరికిండు. ఫోన్ మాత్రం ఎత్తుతుండు! పొద్దున నేనే గొంతు మార్చి చేసిన. పురుగు ముట్టిందన్న. మల్ల గదే మాట చెప్పిండు."

కింద జనం పోగయ్యారు. ఎవరో తలుపు బాదుతున్నారు.

"తీసేస్త కాకా! ఇప్పుడే ఆ పేజీ తీసేస్త! గాని..."

"గాని ఏంది?" గొడ్డలి ఇంకాస్త నొక్కుకుంది. సన్నగా నెత్తురు చొక్కా లోపలికి జారింది.

"నాది తీసేస్తే రెండోది పైకొస్తది. అది గూడ అసొంటోనిదే. దాని కిందిది గూడ."

సమ్మయ్య ఆగిపోయాడు. చెంప మీదికి కారుతున్న నెత్తుటిని తువాలతో తుడుచుకున్నాడు.

"అయితే తీసెయ్యకు," అన్నాడు. "వాని ఫోన్ నంబరు కొట్టేసి నాది పెట్టు."

మలికా నివ్వెరపోయింది. "నువ్వు గూడ గదే దందా పెడ్తవా? పెండ్లాం పోయిన మనిషివి, సిగ్గు లేదా?"

సమ్మయ్య ఒక్కో అంకె చెప్పాడు. మలికా బల్ల మీది ల్యాప్‌టాప్‌లో, పనిచేసే ఒక్క చేత్తో రిజ్వాన్ టైప్ చేశాడు. చెమటకు వేళ్లు జారి రెండుసార్లు తప్పు పడింది.

"అయిందా?"

"అయింది."

సమ్మయ్య గొడ్డలి కింద పడేశాడు. అదే క్షణంలో గడియ ఊడిపోయింది. కింది సెల్‌ఫోన్ షాపువాళ్లు, ఆటోవాళ్లు లోపలికి దూకారు. పిడికిళ్లతో, చెప్పులతో, దొరికిన దానితో కొట్టారు. సమ్మయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు. పన్ను ఊడి నేల మీద పడింది. కంప్యూటర్ వైర్లతోనే అతని చేతులు వెనక్కి విరిచి కిటికీ ఊచలకు కట్టేశారు. పోలీసులకు ఫోన్ చేశారు.

ఎవరో మలికాకు నీళ్లందించారు. ఎవరో రిజ్వాన్ చేతికి గుడ్డ చుడుతున్నారు. అప్పుడే సమ్మయ్య జేబులో ఫోన్ మోగింది.

"నా ఫోన్... ఎత్తుండ్రి," అన్నాడు. ఒకడు అతని డొక్కలో తన్నాడు.

"ఎత్తుండ్రి! మీ కాళ్లు మొక్కుత!"

ఆ గొంతు విని మలికా లేచింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, అతని జేబులోంచి ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి నోటి దగ్గర పట్టుకుంది.

"పసరు వైద్యుడేనా అయ్యా?" ఒక ఆడమనిషి ఏడుస్తోంది. "మా ఆయనకు పురుగు ముట్టింది! బండెక్కించినం. మీ తానకే వస్తున్నం. యాడికి రావాలె?"

సమ్మయ్య నోట్లోని నెత్తురు ఉమ్మేశాడు.

"అవ్ తల్లీ, పసరు వైద్యుణ్నే మాట్లాడుతున్న. నా పసరు పనిచెయ్యాలంటే ముందుగాల సర్కారు దవాఖానాల సూది పడాలె. బండి అటు తిప్పుండ్రి, జల్దీ!"