ఊక ఇల్లు

"ఇందులో మనుషులుంతారా తల్లీ, కోళ్ళుంతాయా?" అని గుమ్మం పక్కన తుపుక్కున ఉమ్మేశాడు ముసలి జాలరి పోతురాజు.

ఉష ఒకడుగు వెనక్కి వేసింది. చుట్ట నమిలిన నోటి ఉమ్ము. అదీ తను గీసి, తను కట్టిన ఇంటి గుమ్మంలో.

బియ్యం మిల్లుల్లో పారబోసే ఊకను అచ్చుపోసి గోడ పలకలు చేయించిందామె. మధ్యలో వెదురు బద్దలు పెట్టింది. విజయనగరంలో విడి ముక్కలుగా తయారుచేసి, లారీలో తెచ్చి, సముద్రం ఒడ్డున ఈ పల్లెలో బోల్టులతో బిగించేసింది. చిన్న ఇల్లే. సంసారం పెరిగితే ఇంకో గది తెచ్చి తగిలించుకోవచ్చు. తుఫానుకు లేచిపోదని ఆమె నమ్మకం. ఆ నమ్మకం నిలబడాలంటే ఎవరో ఒకరు వానాకాలమంతా అందులో కాపురం ఉండాలి.

అలా కాపురం ఉన్నవాళ్ళకే ఇల్లు, ఊరికే. కావలసినవాళ్ళు శుక్రవారం పొద్దున్నే వచ్చి గుమ్మం ముందు నిలబడాలి. ఎక్కువమంది వస్తే చీటీలు. ఒక్కరే వస్తే వాళ్ళదే. ఎవరూ రాకపోతే ఇల్లు విప్పి మళ్ళీ లారీ ఎక్కించడమే. ఉష కలకి అక్కడితో చెల్లు.

చేపలమ్మే లక్ష్మణమ్మ బుట్ట దించి, గోడకు చెంప ఆనించింది.

"సల్లగున్నాదమ్మా" అంది.

ఉషకు ప్రాణం లేచొచ్చింది.

"సల్లగుండదేటి మరి?" అన్నాడు వెనకనుంచి పోతురాజు. "ఊక కదా. పందికొక్కులకి పరమాన్నం. నువ్వలా కన్ను మూస్తావు, తెల్లారీసరికి గోడ ఉండదు. సీర ఉంతాదో నేదో అదీ సెప్పనేను."

జనం గొల్లుమని నవ్వారు. లక్ష్మణమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది.

తర్వాత పోతురాజు మరుగుదొడ్డిలో దూరాడు. చాలాసేపు కూర్చుని, ముక్కు మూసుకుని బయటకొచ్చాడు.

"నీళ్ళుండవంట. బూడిద జల్లాలంట. అదంతా ఎరువైపోతాదంట. ఆ ఎరువు మునగసెట్టుకంట. ఆ మునక్కాడలు మన పులుసులోకంట."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ధనరాజ్ పెళ్ళాం యమున ఇసుకదిబ్బ వెనక్కి పరుగెత్తి నిజంగానే కక్కుకుంది. ఆ చప్పుడు విని ఇంకో ఇద్దరు కక్కుకున్నారు.

ధనరాజ్ మాత్రం కదల్లేదు. గోడ మీద వేలితో కొట్టి చూశాడు.

"నీ పాకకన్నా నయమే కద మావ? తుఫానుకి కప్పెగిరిపోనాది. ఇప్పటికీ దానికి నీలం టార్పాలిన్ పట్టాయే గతి."

"నా పాకకి పరువుందిరా అల్లుడా. ఎగిరితే కప్పే ఎగిరినాది, నన్నొగ్గీసి పోనాది. పాతపట్నంలో మా తోడల్లుడు ఇలాటి బోల్టుల ఇల్లే కట్టీసినాడు. గాలొచ్చినాది. మంచం మీద పడుకున్నోడు పడుకున్నట్టే ఇల్లు లేసిపోనాది. తెల్లారి తలుపు తీస్తే ఎదర అంతా ఒడియా మాటలే. టీ అడిగితే సద్దన్నం ఎట్టినారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. రేషను కార్డు కూడా వచ్చీసినాది."

ధనరాజ్ నవ్వుతూ నవ్వుతూనే యమున చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

రోత పడ్డానికే పోతురాజు రోజూ వచ్చేవాడు. మంచం మీద కాళ్ళు బార్లా చాపి పడుకుని, పాడె మీద పెట్టినట్టుందనేవాడు. గోడ కొక్కేనికి రెండు చేతులా వేలాడి, ఇది వల బరువేటి ఆపుతాదని వెక్కిరించేవాడు. కిటికీ తెరిచి, "సముద్రం తప్ప ఏటీ కనబడదు. ఎప్పుడూ దాన్నే సూడ్డానికి నానేటి టూరిస్టునా?" అని మూతి విరిచేవాడు. వాన నీళ్ళ డ్రమ్ములో బల్లులు పడతాయన్నాడు. ఉష మంటెత్తిపోయి దానికి జాలీ బిగించింది. తలుపు గాలికి ఎదురన్నాడు. పంతానికి తలుపు పలక విప్పించి అటు గోడకి మార్పించింది.

"ఇప్పుడెలా ఉంది తాతా?"

"ఇప్పుడు డోకొచ్చే ఎలపరం తలుపులోంచి కాకుండా కిటికీలోంచి వస్తన్నాది."

"అంత అసహ్యమైతే రావడం మానెయ్యొచ్చుగా?"

"మానీగల్ను. మరి పల్లెకి మంచీ సెడ్డా ఎవుడు సెప్తాడు?"

చెప్పడం బాగానే చెప్పాడు. గురువారం సాయంత్రానికి ఆ దరికి కుక్క కూడా రాలేదు. వచ్చిన ఒక్క ముసలావిడా దూరం నుంచే ఊపిరి బిగబట్టి దాటిపోయింది.

ఉష ఒక్కతే లోపల కూర్చుంది. పోతురాజు చుట్ట కంపు, చేపనీచు గోడలకి పట్టేసి ఉన్నాయి. ఆ కంపులో చూస్తుంటే తన ఇల్లు తనకే రోతగా కనిపించింది. ఊక దుమ్ము. బూడిద డబ్బా. అగ్గిపెట్టె లాంటి వంటగట్టు. మునక్కాడ తలపుకొచ్చి పుల్లటి తేన్పొచ్చింది. ఎన్ని రాత్రులు మేలుకుని గీసింది దీన్ని. మనిషన్నవాడికి ఇందులో ఉండమని చెప్పడానికి తనకి నోరెలా వచ్చింది?

లారీ డ్రైవరు మోహనకృష్ణకి ఫోను చేసింది.

"పొద్దున్నే వచ్చెయ్. విప్పేద్దాం."

శుక్రవారం తెల్లవారగానే లారీ ఇసుకదిబ్బ ఎక్కింది. పల్లె మొదట్లో లారీ ఎక్కిన ఉష ముందు సీట్లో తల వంచుకుని కూర్చుంది. మోహనకృష్ణ బ్రేకు వేసి, "మేడమ్, గుమ్మం కాడ ఎవరో ఉన్నారు" అన్నాడు.

ట్రంకుపెట్టె మెట్టు మీద దించి, కోడిపెట్టను చంకలో ఇరికించుకుని, ఎవరి దిష్టీ తగలకుండా తన పాత చెప్పును గుమ్మానికి కట్టుకుంటూ పోతురాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు.