క్రిస్టీనా సీటు

పాపారావు మాస్టారి గేటు ముందు మోటారుసైకిలు జారిపడింది.

రాత్రి కురిసిన వానకు రాజోలు వీధంతా బురద. మాస్టారు పేపరు పక్కన పడేసి వెళ్ళి, పడ్డాయన్ని లేవదీశారు. నలభై ఏళ్ళుంటాయి. మోచెయ్యి గీరుకుపోయింది.

"చూసుకుని రావాలి కదండి."

"ఆయ్. పక్కకి చూస్తూ వచ్చేనండి. తాటిపాకలో ఉంటాను. కొత్తగా పనిలో చేరేను."

మాస్టారి భార్య అమ్మాజీ ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి గాయం కడిగింది.

ఆయన చూపు గోడ మీది ఫోటో దగ్గర ఆగింది. నారింజరంగు సూటులో ఓ అమ్మాయి నవ్వుతోంది.

"మా క్రిస్టీనా అండి," అంటూ మాస్టారు మొదలుపెట్టారు. ఎవరు దొరికినా ఆ కథ చెప్పకుండా వదలరు.

"బెంగుళూరులో ఓ ప్రైవేటు కంపెనీ, మనుషుల్ని అంతరిక్షంలోకి తీసుకెళ్ళే రాకెట్టు కట్టింది. మొదటి ప్రయాణంలోనే మా పిల్లకి సీటొచ్చింది. మూడేళ్ళు శిక్షణ. తీరా రేపు ఎక్కుతుందనగా ఎవడో ఇంజనీరు అంతా బాగుందని సంతకం పెట్టనన్నాడంట."

"ఎందుకనండి?"

"తలుపు సందులోంచి గాలి పోకుండా వేసే సీలు మీద అనుమానమంట. ఇంకెవరికీ రాని అనుమానం వాడికే వచ్చింది. ప్రయాణం ఆగిపోయింది. పెట్టుబడి పెట్టినవాళ్ళు వెనక్కి తగ్గేరు. సగంమందిని ఇళ్ళకి పంపేసేరు. వాడి ఉద్యోగమూ ఊడిందనుకోండి. నా కూతురి కల మాత్రం మళ్ళీ రాదు కదా."

ఆయన తలవంచుకుని విన్నాడు.

"వాడు కనబడితే కడిగేద్దునండి. పిరికివాళ్ళు అలాంటి పనిలోకి రాకూడదు."

"ఆయ్," అన్నాడాయన. ఇంకేదో చెప్పబోయి ఆగాడు. "అమ్మాయిగారు ఇప్పుడు కులాసాయేనాండి?"

"ఒంటికేం, బాగానే ఉంది. మనసే బాగోలేదు."

"ఒళ్ళు బాగుంటే చాలండి," అని లేచి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మాట మాస్టారికి రుచించలేదు. పేరైనా అడగలేదు.

వానలు వెనకబట్టాక కంపెనీ అదే అంతరిక్ష నౌకను మనుషులు లేకుండా పైకి పంపింది. పోయిన నమ్మకం తిరిగి తెచ్చుకోవాలి మరి. దంపతులిద్దరూ టీవీ ముందు కూర్చున్నారు.

నౌక చక్కగా ఎగిరింది. చక్కగా సముద్రంలో దిగింది.

"చూశావా," అన్నారు మాస్టారు. "ఏమైంది? ఏమీ కాలేదు."

ఆ రాత్రి ఆయన సరిగా అన్నం తినలేదు.

వారం పోయాక బెంగుళూరు నుంచి క్రిస్టీనా ఫోన్ చేసింది.

"నాన్నగారూ, పైకెళ్ళాక తలుపు సందులోంచి లోపలి గాలంతా పోయిందంట. కంపెనీ ఇప్పుడే బయటపెట్టింది. నా సీట్లో బొమ్మని కూర్చోబెట్టేరు."

మాస్టారు గోడ మీది ఫోటో వంక చూశారు. అమ్మాజీ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

"అయితే మానేస్తావా అమ్మా?"

"లేదు నాన్నగారూ. తప్పు దొరికింది కదా, తలుపు మళ్ళీ కడుతున్నాం. ఆ ఇంజనీరుగారిని బతిమాలి వెనక్కి పిలిచేరు. ఆయన చూసి సరేనంటే వచ్చే ఏడాది నేనే ఎక్కుతాను."

"ఆయనెవరో చెప్పమ్మా. రెండు చేతులూ పట్టుకుని ఓ మాట చెప్పుకోవాలి."



"సత్యప్రసాద్‌గారని, మీకు తెలుసంట నాన్నగారూ. ఉద్యోగం పోయాక తాటిపాకలో పనికి కుదిరి, నా ప్రయాణం ఆపినందుకు మిమ్మల్ని క్షమించమని అడుగుదామని మనింటికొచ్చి, అడగలేక వెళ్ళిపోయేరంట."