గులాబీల బరిణె

“ఇంకేమన్నా అడుగక్కా, ఇస్తా. ఇదొక్కటి మాత్రం అడగొద్దు,” అంది మాబున్ని, పింగాణీ బరిణెను రెండు చేతులతో పొట్టకు అదుముకుని.

పక్కింటి వనజమ్మ మొహం మాడిపోయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది గానీ తన కుట్టుమిషనుకు పని రాలేదని మాబున్ని భర్త జిలానీ ప్రొద్దుటూరు వదిలి బొంబాయికి బయలుదేరాడు. మాబున్ని సామానంతా వీధివాళ్లకు పంచేస్తోంది. తిరగలి ఒకరికి, మంచం ఒకరికి. వనజమ్మ నోరు తెరిచి అడిగింది ఆ బరిణె ఒక్కటే. తెల్లటి పింగాణీ మీద చిన్న చిన్న ఎర్ర గులాబీలు, మూత మీద పట్టుకోడానికి ముద్దొచ్చే మొగ్గ. ఆ ఇంటికి ఎప్పుడు పోయినా వనజమ్మ చూపు గూట్లో ఉన్న దాని మీదే ఉండేది.

“నా బిడ్డకు పాలిచ్చినదానివి, ఒక బరిణె ఇయ్యడానికి చేతులు రాలేదా నీకు? పో, బొంబాయిలో దాచుకో పో!”

మాట విసిరి ఇంట్లోకి వచ్చేసిందే గానీ వనజమ్మకు మనసు నిలవలేదు. ఆ పాప నెలల పిల్లగానే పోయింది. తనకు పాలు పడకపోతే మాబున్నే తన బిడ్డతో పాటు రొమ్ముకు పట్టుకున్న పాప. ఆ పేరెత్తి దెప్పిన నోరూ ఒక నోరేనా అని తనను తానే తిట్టుకుంది.

బయట జట్కా వచ్చింది. వనజమ్మ ఇంటి అరుగు మీదికి చేర్చిన తమ మూటలను జిలానీ ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాడు. బరిణె కూడా అక్కడే ఉంది. మాబున్ని లోపల ఇల్లు ఊడుస్తోంది.

ఆ రెండిళ్ల మధ్య గిన్నె ఎప్పుడూ వట్టిగా తిరిగి పోలేదు. రంజానుకు సేమ్యా వచ్చిన గిన్నెలో ఉగాదికి ఓళిగలు వెళ్లేవి. చక్కెర నింపి ఇచ్చి మంచి చేసుకుందామని వనజమ్మ బరిణెను లోపలికి తెచ్చి మూత తీసింది. అడుగున ఎండిన మన్ను!

“ఇంత అందమైన దాంట్లో గిన్నెలు తోమే మన్ను పోసుకుంటాదా, తిక్కది!”

నవ్వుకుంటూ మోరీ కాలువలో కుమ్మరించి, గులాబీలు మెరిసేదాకా కడిగి, కొంగుతో తుడిచి, నిండుగా చక్కెర పోసింది.

“తీసుకోమ్మే. నా మాటలు మనసులో పెట్టుకోవద్దు,” అంటూ బరిణెను ఊడ్చి బయటికొచ్చిన మాబున్ని చేతుల్లో పెట్టింది.

బరువు తేడాగా తోచి మాబున్ని మూత తీసింది.

“ఇందులో మన్ను ఏమైందక్కా?”

“మోరీలో పారబోసినాలే. ఏంది, అంత పనికొచ్చేదా అది?”

మాబున్ని బరిణెను అరుగు మీద పెట్టేసింది.

“నువ్వు తట్టుకోలేవని చెప్పలేదక్కా. పెన్న పొంగి గట్టు కోసుకుపోతాంటే మీ మరిదిని పంపించి పిడికెడు తెప్పించుకుంటి... అది మన పాపను పూడ్చిన గుంతలోని మన్ను.”