గురువారం గలగల

“మళ్ళీ ఆయనే,” అన్నాడు పాఠం చెప్పే డెంప్సీ, చీటీ జెర్లీన్ చేతికిస్తూ. “ఒక్క కారుకి ఆరు వారాల్లో ఆరు రకాల జబ్బులా? ఇవాళ్టితో క్లాసులు ఆఖరు. ఏదో ఒకటి తేల్చి పంపించండి.”

జెర్లీన్‌కు యాభై నాలుగేళ్ళు. భర్త పోయాక ఖాళీ ఇల్లు మింగేస్తున్నట్టుంటే కమ్యూనిటీ కాలేజీలో బళ్ళ మరమ్మతు కోర్సులో చేరింది. కొడుకుల ఈడు పిల్లలతో కలిసి కార్ల కింద దూరడం నేర్చుకుంది. గురువారాలు ఊళ్ళోవాళ్ళు తమ బళ్ళు తెచ్చి ఈ విద్యార్థులకు అప్పగిస్తారు. అలా ఒకసారి ఆయిల్ మార్పించుకోవడానికి వచ్చాడు కుబియాక్. రేకులు నొక్కే ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, ఒంటరివాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ నవ్వు జెర్లీన్‌ను వారమంతా కుదురుగా ఉండనివ్వలేదు.

యజమాని ఏ మాట అంటే ఆ మాటే చీటీలో రాయాలని కాలేజీ నియమం. పెన్ను తీసింది.

“ఈసారి ఏమంటోందండీ?”

“కీచుమంటోంది.”

“పోయిన వారం గలగల అన్నారుగా.”

“అంతకుముందు గురక అన్నాను. ముసలి బండి, దాని ఇష్టం.”

ఆమె మాట్లాడుతున్నంతసేపూ కుబియాక్ ఆమె పెదవులనే చూస్తాడు. ఆ చూపుకి ఈ వయసులో కూడా ఆమె బుగ్గలు వేడెక్కుతాయి.

కారును పైకెత్తి కిందికి వెళ్ళింది. సైలెన్సర్ మీది రేకు బోల్టు వదులుగా ఉంది. ఉంటుందని ఆమెకు ముందే తెలుసు. ఇవాళ బిగించినా బిగించకపోయినా ఇతనిక రాడు. రేపటినుంచి షెడ్డుకు తాళం. ఇంటికి కాఫీకి పిలుద్దామంటే నోరు పెగలదు. అలాగని అబద్ధంతో సాగనంపడానికీ మనసొప్పలేదు.

“కుబియాక్ గారూ, ఈ బోల్టు వారం వారం వదులు చేసి పంపింది నేనే,” అంది కారు కిందినుంచే. “ఇది మోగితే మీరు మళ్ళీ వస్తారని.”

బళ్ళవాళ్ళు దాటి రాకూడని పసుపు గీత అవతల అతను అటు తిరిగి, తను తెచ్చిన గసగసాల రొట్టె తాపీగా కోస్తున్నాడు. కోపమొచ్చిందనుకుంది. అయినా వెళ్ళి ఎదురుగా నిలబడి అదే మాట మళ్ళీ చెప్పింది.

కుబియాక్ చేతిలో కత్తి ఆగింది.

“ఆ చప్పుడు భరించలేకే కదా పాపం ఇన్నిసార్లు వచ్చారు. మన్నించండి,” అంది జెర్లీన్.

అతని ముఖం ఎర్రబడింది. రొట్టె ముక్క ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

“జెర్లీన్ గారూ, నా రెండు చెవులూ ఆ ఫ్యాక్టరీలోనే పోయాయి.”