నేలచూపులు

"ముందు సీటు మాది. లేవాలి మీరు" అన్నాడు గంగాప్రసాద్ హిందీలో.

జీపులో డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి వెనక్కి తిరిగాడు. యాభై దాటిన వయసు. వెలిసిపోయిన కంపెనీ చొక్కా. మెడలో ఒక పాత బైనాక్యులర్స్.

"నేను సుత టికెట్ తీసుకున్న సార్" అన్నాడు మెల్లగా, అతని యాస పట్టి తెలుగులో.

పరాయి దేశంలో తెలుగు వినపడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. గంగాప్రసాద్‌కు మాత్రం చిరాకేసింది.

బక్రీద్ సెలవుల్లో కెన్యా వెళ్ళి సింహాల్ని చూడాలని అతనూ, భార్య కవితా ఏడాదిగా కలలు కన్నారు. ఆఖరి నిమిషంలో ఆఫీసువాళ్ళు సెలవు కోసేశారు. పోనీ ఒమాన్ ఎడారిలోనే తెల్లటి ఓరిక్స్ జింకల్ని చూద్దామని మస్కట్ నుంచి ఇంత దూరం వచ్చారు. తీరా వస్తే పక్కన ఒక సైటు కూలీ!

డ్రైవరు రాహిల్ బలూచీ కుర్రాడు. హిందీలో సర్దిచెప్పాడు.

"వెనక కూర్చోండి సాబ్. ఎండ ముదిరేలోపల తిరిగొచ్చేయాలి."

జింకల అభయారణ్యం కంచె దాటి జీపు ఎడారిలోకి వెళ్ళింది. ఎటు చూసినా గులకరాళ్ళ నేల. అక్కడక్కడా ముళ్ళపొదలు.

"రాహిల్ భాయ్, జర ఆపు" అన్నాడు ముందు సీటు మనిషి.

జీపు ఆగింది. అతను బైనాక్యులర్స్‌తో ఒక ఎండిన పొద మొదలు చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"ఇగ పోదాం."

ఇంకాస్త దూరం వెళ్ళాక మళ్ళీ ఆపించాడు. ఆ తర్వాత మళ్ళీ. ప్రతిసారీ నేలే.

గంగాప్రసాద్ పళ్ళు నూరుకున్నాడు.

అంతలో "అదిగో!" అని కవిత గుసగుసలాడింది.

ఓరిక్స్ మంద! కత్తుల్లాంటి కొమ్ములతో నిలబడి జీపునే చూస్తున్నాయి. గంగాప్రసాద్ ఊపిరి బిగబట్టి కెమెరా ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే ముందు సీటు మనిషి కిందికి దూకాడు. తూర్పు వైపు తిరిగి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని గట్టిగా కేకేశాడు.

"ఓ...!"

మంద చెదిరిపోయింది. దుమ్ము మిగిలింది.

"నీకు బుద్ధుందా?" గంగాప్రసాద్ మీదికి వెళ్ళాడు. "జంతువుల్ని చూడ్డానికొచ్చావా, నేలచూపులు చూడ్డానికొచ్చావా?"

"తప్పయింది సార్. గాడ ఏదో మెసిలినట్టు అనిపిచ్చింది."

"ఇతన్ని దించెయ్ రాహిల్! లేకపోతే మీ ఆఫీసులో కంప్లయింట్ ఇస్తాను."

"పోనీలెండి, పెద్దాయన" అంది కవిత.

"నువ్వూరుకో!"

ఆ మనిషే కలగజేసుకున్నాడు.

"పోరన్నేమనకుండ్రి సార్. ఆని నౌకరి పోతది. ముంగట గార్డు షెడ్డున్నది. నన్ను ఆడ దింపి మీరు సూసుకోని రాండ్రి."

పండగ కదా, షెడ్డులో గార్డు లేడు. నీడైతే ఉంది. రాహిల్ రెండు నీళ్ళ సీసాలు అతని చేతికిచ్చాడు.

"ఇక్కణ్ణుంచి కదలొద్దు భూమయ్యా. నా మాట విను."

భూమయ్య తలూపాడు.

ఆ తర్వాత మంద మళ్ళీ కనిపించింది. గంగాప్రసాద్ తనివితీరా ఫొటోలు తీసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీ.

అడుగుల జాడ తూర్పుకి ఉంది. ఇందాక అతను కేకేసిన వైపు.

రాహిల్ ముఖం పాలిపోయింది. వైర్‌లెస్‌లో రేంజర్లకు చెప్పాడు.

"ఎండలో ఎక్కడికెళ్ళాడు?" అన్నాడు గంగాప్రసాద్.

"ఒంటెలు కాసే కుర్రాడొకడు కొన్ని వారాల కిందట తప్పిపోయాడు సాబ్. ఇటువైపే వచ్చాడని ఎవరో అన్నారు. టూరిస్టు జీపు తప్ప ఇంకేదీ కంచె దాటనివ్వరు. అందుకే సెలవు దొరికినప్పుడల్లా టికెట్ కొనుక్కుని నాతో వస్తాడు."

"ఆ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా!"

"ఆఫీసుకు తెలిస్తే ఎక్కనివ్వరు సాబ్. శవాన్ని వెతికేవాడు పక్కన కూర్చుంటే టూరిస్టులు రారు కదా."



రేంజర్లు చీకటి పడేదాకా వెతికారు. మర్నాడు పొద్దున ఒక ముళ్ళపొద పక్కన భూమయ్య దొరికాడు. ప్రాణం లేదు. ఎండదెబ్బ అన్నారు.

కుర్రాడి జాడ లేదు.

భార్యాభర్తలు మస్కట్‌కు బయల్దేరలేకపోయారు. ఆస్పత్రి వరండాలో పోలీసు అడిగితే, "నేనే దింపించాను" అన్నాడు గంగాప్రసాద్. పోలీసు రాసుకున్నాడు.

"అతని పక్కన రెండు సీసాలున్నాయి. ఒకటి ఖాళీ. రెండోదానికి మూత కూడా తియ్యలేదు" అని మాత్రం చెప్పాడు.

"ఆ పిల్లాడి కోసం దాచుంటాడు" అంది కవిత. భర్త ముఖం చూడకుండా అటు తిరిగి ఏడ్చింది.

సాయంత్రానికి ఇబ్రి పట్నం నుంచి భూమయ్య రూమ్మేట్ నర్సయ్య వచ్చాడు. గంగాప్రసాద్ ఎదురెళ్ళి చేతులు పట్టుకున్నాడు.

"ఆయన్ని నేను బతికించలేను. కనీసం ఆయన కొడుకునైనా వెతికిస్తాను. ఎంబసీకి వెళ్తాను, ఎవరి కాళ్ళైనా పట్టుకుంటాను. అబ్బాయి పేరేంటి?"

నర్సయ్య అయోమయంగా చూశాడు.

"కొడుకెక్కడిది సార్? భూమన్నకు లగ్గమే కాలే."

"మరి... తమ్ముడా?"

"ఎవ్వడు గాదు. ఆంజి అని కడప దిక్కు పోరడు. మాది నిర్మల్. 'నా బిడ్డను ఎవరన్న ఎతికి పెట్టుండ్రయ్యా' అని వాళ్ళమ్మ ఏడిసిన వీడియో భూమన్న ఫోన్ల జూసిండు."

నర్సయ్య తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"గంతే సార్. ఆ పోరన్ని ఒక్కనాడు సుత కండ్లతోని జూడలే."