బందరు చుక్క

"ఆ తీగ మీద చీర ఆరెయ్యకు! చుక్క వచ్చే వేళయింది!" డాబా మీద గావుకేక పెట్టాడు ఈశ్వరరావు.

"పట్టపగలు చుక్కలేమిటండీ! మా నాన్న వింటే నవ్విపోతాడు," అంది అతని భార్య రత్నకుమారి.

ఈశ్వరరావు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. వేసవి సెలవులివ్వగానే డాబాకి ఆ చివరొకటి, ఈ చివరొకటి వెదుళ్ళు పాతి, తీగలు లాగి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాడు. రేడియో అలలు పంపే చుక్కకి ఎండతో పనిలేదు. అది నడినెత్తికి రాగానే చెవిలో మోత పుడుతుంది. ఆ క్షణం పట్టుకుంటే చుక్క ఎక్కడుందో కచ్చితంగా కొలవొచ్చు. ఈయనగారికి దొరికింది ఏ పట్టికలోనూ లేని చుక్క. సొంత పేరు పెట్టుకుంటే బాగుండదని 'బందరు చుక్క' అన్నాడు.

డాబా వాడుకోనిచ్చినందుకు, కింద వాటాలో ఆస్పత్రి నడిపే ఇంటివారు డాక్టరు కాంతారావుగారికి గోడగడియారం బాగుచేసి పెట్టాడు. చుక్కల్ని కొలిచేవాడికి గోడగడియారం ఒక లెక్కా!

వాల్తేరు నుంచి ప్రొఫెసరుగారొచ్చి ఇది మూడోరోజు. ఆయన ఊఁ అంటే రీసెర్చి సీటు. లేదంటే జన్మంతా పిల్లకాయలకి లోలకం పాఠమే.

ఆయన్ని వెంటబెట్టుకుని మెట్లెక్కుతుంటే, పక్కింటి ప్లీడరు గంగాధరరావుగారు మోకాళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వస్తూ ఎదురయ్యారు. డాక్టరుగారి దగ్గర ఆయనకి రోజూ కరెంటు వైద్యం. ఆ పెట్టె ముట్టుకోకుండానే, ఏవో అలలతో మోకాళ్ళు వేడెక్కిస్తుందట.

"ముసలితనం వచ్చేసిందోయ్ ఈశ్వరరావూ! పది గంటలు కొట్టేసరికి కాఫీ తాగడం కూడా పూర్తికావడం లేదు. రోజురోజుకీ నెమ్మదైపోతున్నాను."

"వయసు కదండీ," అని పైకి పరిగెత్తాడు ఈశ్వరరావు.

ప్రొఫెసరుగారు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. కాసేపటికి కనుబొమలు లేచాయి. చేతిగడియారం చూసుకున్నారు.

"నిన్నటికన్నా నాలుగు నిమిషాలు ముందు. నిన్నా అంతే!"

"చుక్కే కదండీ?" అన్నాడు ఈశ్వరరావు.

"సందేహమా! మనుషులు చేసే మోతయితే రోజూ ఒకే వేళకి వస్తుంది. నాలుగేసి నిమిషాలు ముందుకు జరగడం చుక్కలకే చెల్లింది. జులైలో వచ్చి చేరండి."

ఈశ్వరరావుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. రత్నకుమారి చీర తీసి పిట్టగోడ మీద ఆరేసింది.

కిందికి దిగేసరికి డాక్టరుగారు గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డారు.

"గడియారం గంటలు బ్రహ్మాండంగా కొడుతోందండీ ఈశ్వరరావుగారూ! అది పది కొట్టగానే ప్లీడరుగారికి కరెంటు పెట్టేస్తున్నాను. కాకపోతే ఇవాళ రేడియో టైముతో సరిచూస్తే చిన్న చిక్కు తేలింది."

"ఏమిటండీ?" అన్నారు ప్రొఫెసరుగారు, చెప్పుల్లో కాలు పెడుతూ.

"రోజుకి నాలుగు నిమిషాలు ముందుకు పోతోంది."